టోపికారు

కారు కొనవచ్చినోడు కారుకు ఏమున్నదో సూస్తడు గని, నరసింహ ఏం లేదో గది సూస్తాండు. చుట్టు రెండు మాట్ల తిరిగిండు, కిందికి వంగిండు, టైర్లను కాలుతోని తన్నిండు, నడుము మీద చేతులు పెట్టుకొని మల్ల గక్కడికే వచ్చి ఆగిండు.

"దీని నెత్తి ఏది గురవన్నా?"

"నేనే రంపం పెట్టి కోపిచ్చిన" అన్నడు గురవయ్య.

"కారు నెత్తి కోపిచ్చుడేందే?"

"గాలికి."

నరసింహ నార్కట్‌పల్లిల పాత ఇనుప సామాను కొంటడు. ఆయినకు ఇనుము తూకమే ఎరుక, గాలి సంగతి ఎరుక లేదు. "నెత్తి ఉంటె ఇంకింత బరువొచ్చుండె గదా, నీకే నష్టం" అని ఇకిలిచ్చిండు.

గడప మీద కూసోని బియ్యంల రాళ్లేరుతున్న సాలమ్మ నెత్తి ఎత్తకుంటనే అన్నది: "నీ తూకం పాడుగాను, ఎంతొస్తె అంతకే తీస్కపో నాయినా. అది నా వాకిట్లకెల్లి పోతె గాడ నాలుగు బీర గింజలన్న పెట్టుకుంట."

అది ఒకప్పుడు తెల్ల అంబాసిడర్. ఏదో ఆఫీసుల పెద్దసారు తిరిగి తిరిగి ఇడిసిపెట్టిన బండి. తెలంగాణ వచ్చిన ఏడు గురవయ్య దాన్ని తెచ్చుకొని, నల్గొండల నెత్తి కోపిచ్చి, ఐదు పైపులు వంచి, వాటి మీద పచ్చ తాడిపత్రి గుడ్డ కుట్టిచ్చిండు. ఎనుకకు మడిస్తె పెండ్లిపిల్ల, పెండ్లిపిలగాడు ఊరందరికి కనవడుకుంట పోతరు. వానొస్తె ముంగటికి గుంజుడే. కట్టంగూరు చుట్టు పది ఊర్లల్ల దాన్ని టోపికారు అంటరు, గురవయ్యను టోపి గురవయ్య అంటరు. బారాత్‌కు కిరాయి మాట్లాడ వచ్చిన పెతోడు ముందుగాల "మాకు టోపి పెట్టకే" అని నవ్వేటోడు. గురవయ్య గూడ ఆ మాట గప్పుడే ఇన్నట్టు నవ్వేటోడు. ఇప్పుడు ఇంజను పట్టేసింది. పెండ్లిళ్లకు నల్గొండకెల్లి మెరిసే కార్లు వస్తున్నయి, వాటికి నెత్తి మీదనే కిటికీలు ఉంటున్నయి. టోపికారును అడిగేటోడు లేడు.

అయినా గురవయ్యకు మనసూకోలేదు. "జర గిది సూడు" అని బండెనుకకు వొయ్యిండు. తోలు పట్టీలు రెండు ఇప్పిండు. మడతల్ల పేరుకున్న యాపాకులు దులిపిండు. నడిమి పైపును రెండు చేతుల్ల పట్టుకొని, ఎడమ మోకాలు సీటుకు ఆనిచ్చి, ఒక్క ఊపుల లేపి ముంగటికి గుంజిండు. ఒకదానెనుక ఒకటి ఐదు పైపులు లేసినయి. ముంగటి అద్దం చట్రం మీద కొక్కేలు రెండు టక్కుటక్కున పడ్డయి. పది లెక్కపెట్టేలోపల కారుకు నెత్తి వచ్చింది. అరవై దాటిన మనిషికి జర ఆయాసం గూడ వచ్చింది.

"మంచిగ కుదిరిచ్చినవ్ గని, గుడ్డ నాకక్కెర లేదన్నా" అన్నడు నరసింహ. "బేస్తారం నాడు ట్రాక్టర్ తెస్త. తాడు కట్టి గుంజుకపోతం. హైవే దాక స్టీరింగు మీద నువ్వే కూసోవాలె. గీ బండి బ్రేకుల సంగతి నాకు తెల్వది."

ఆయిన మోటరుసైకిలు సప్పుడు దూరం కాంగనే సాలమ్మ చాట పక్కకు పెట్టింది.

"పరశురాంకు చెప్పినవా?"

"ఏం చెప్పాలె?"

"బండి పోతాందని."

"వానికెందుకే?"

"వానికెందుకా! గా పైపులు వంచేటప్పుడు ఎర్రటి ఎండల రెండు దినాలు పట్టుకొని నిలబడ్డది ఎవలు? మీ తాతనా?"

 పరశురాం గురవయ్య అన్న కొడుకు. అన్నా వదినా పోయినంక తొమ్మిదేండ్లప్పటి సంది ఈ ఇంట్లనే పెరిగిండు. సాలమ్మకు పిల్లల్లేరు, వాడే కొడుకు. ఇప్పుడు నల్గొండల కరెంటాఫీసుల నౌకరి. ఏడేండ్ల సంది ఈ గడప తొక్కలేదు. నిరుడు సాలమ్మ జరంతోని దవాఖానల పడ్డప్పుడు వచ్చిండు, మంచం కాడ కూసోని కాళ్లు పిసికిండు, గురవయ్య లోపటికి రాంగనే లేసిపోయిండు. ఆమెకు ఇగ ఒక్కటే కోరిక మిగిలింది. వాడొచ్చి ఈ ఇంట్ల ఒక్క పూట అన్నం తినాలె.

"ఒక్క పేరు" అన్నది సాలమ్మ. "ఒక్క పేరు చెప్పకపోతివి. నా కొడుకును ఇల్లు ఎళ్లగొడితివి."

పరశురాం పెండ్లి నడి ఎండకాలంల అయింది. తిరుమలగిరికెల్లి కోమలను తీసుకొని టోపికారు పొద్దుగూకక ముందే ఊర్లెకొచ్చింది. ఎనుక డప్పులు. ఇద్దరు మడిచిన టోపి మీద ఎత్తుగ కూసున్నరు. పెద్ద దర్వాజ వాడకు మలిగే కాడ గురవయ్య బండి ఆపిండు. పెద్ద దర్వాజ అంటె పటేలు ఇల్లు. "వానొస్తాంది, కిందికి దిగి కూసోండ్రి" అని టోపి గుంజి కొక్కేలు పెట్టిండు. మొగులు మీద మబ్బు తునక లేదు. డప్పుల పిలగాండ్లు నవ్విండ్రు. వాడ దాటినంక మల్ల ఆపి, "వాన పోయింది" అని టోపి తీసిండు. గప్పుడు సూడాలె పరశురాం మొఖం.

ఇంటికొచ్చినంక వాడు ఒక్కటే అడిగిండు. "టోపి ఎవలు ఎయ్యమన్నరు చిన్నాయినా? పేరు చెప్పు." గురవయ్య "ఊకో కొడుకా, ఊరికి తెలిస్తె లొల్లి అయితది" అన్నడు. మూడు దినాలు అడిగిండు. నాలుగో దినం "నీకు నాకంటె వాళ్లే ఎక్కువైరి" అని కోమలను తీసుకొని బస్సెక్కిండు.

నరసింహ వచ్చిపోయిన తెల్లారి ఐలేశం వచ్చిండు. భుజం మీద కట్టె, కట్టె మీద గొంగడి. పటేలు మనుషులు పట్నంల ఉంటరు, మామిడికాయలప్పుడు, పంటలప్పుడు వచ్చిపోతరంటరు. మిగిలిన దినాలు ఆ ఇంటికి ఐలేశమే కావలి. తాళంచెవి ఆయిన మొలతాడుకే ఉంటది.

"గురవన్నా, ఇనుపోడు గుడ్డ తీస్కపోడట గదా. నాకియ్యరాదే. గొర్ల మీది రేకు గాలికెగిరిపోయింది."

"పటేలోళ్ల దొడ్లెనా గొర్లను తోలుతున్నవ్?" అన్నది సాలమ్మ, చాయ గిలాస చేతికిచ్చుకుంట. "వాళ్లొచ్చి సూస్తె నీ తోలు తీస్తరన్నా."

"ఎవలొస్తున్నరు చెల్లె! ముసలి పటేలు పోయిన నిరుటి సంది ఒక్కలు రాలె. అంతకుముందు మాత్రం ఏం వచ్చిండ్రు? ఆయినకు గుండె ఆపరేషను అయిన ఎండకాలమైతె మొత్తానికే తొంగి సూడలె. మామిడికాయలు నేనే తెంపి బస్సుల ఏసిన."

"ఏ ఎండకాలం?"

"మీ పరశురాం పెండ్లి ఎండకాలమే. నాకు మతికున్నది. పెండ్లిబండి ముంగట నీళ్లారబోస్తనని మా బక్కమ్మ బిందె నింపుకొని దర్వాజ ముంగట నిలబడ్డది. ఇంకా టైముందే, ఇంట్లెకు నడువు అంటె ఇంటదా? బండి వచ్చె. వస్తె టోపి మూసి ఉండె, ఆగకుంటనే పాయె. పిల్లను సూడకపోతినని వారం దినాలు నా మీద అలిగింది. నేనేం జేసిన్నే నడుమ? గా బిందెడు నీళ్లు గొర్లకు పోసినం."

ఐలేశం నవ్విండు. వీళ్లిద్దరు నవ్వలేదు.

"దర్వాజ కాడ ఇంకెవలున్నరన్నా గప్పుడు?" సాలమ్మ మెల్లగ అడిగింది.

"ఇంకెవలుంటరు? నేను, బక్కమ్మ, గొర్లు. దర్వాజకు తాళం." చాయ తాగి గిలాస బోర్లిచ్చి లేసిండు. "రేపొచ్చి తీస్కపోతనే గుడ్డ."

ఐలేశం మలుపు దాటేదాక సాలమ్మ నిలబడ్డ కాడనే నిలబడ్డది. గురవయ్య పాత బనీను గుడ్డ తీసుకొని కారు ముంగటి అద్దం తుడుస్తాండు. తుడిసిన జాగనే మల్ల తుడుస్తాండు.

"మరి ఎవలన్నరయ్యా?"

ఆయిన గుడ్డ మడత మార్సిండు.

"ముందు దినం వచ్చి బెదిరిచ్చిండ్రా?"

"లేదు."

"ఫోన్ చేసిండ్రా? ఎవలితోనన్న కబురు పంపిండ్రా?"

"లేదే."

"మరి?"

"ఎవ్వలన్లే" అన్నడు గురవయ్య. అద్దానికే చెప్పిండు.

సాలమ్మ గడప మీద కూలబడ్డది. కొంగు నోట్లె కుక్కుకున్నది. ఏడుస్తదనుకున్నడు, ఏడ్వలేదు.

"ఏడేండ్లు" అన్నది. "ఏడేండ్లు గా ముసలి పటేలును తిట్టుకుంట పొయ్యి ముట్టిచ్చిన. నిరుడు పోతె నా నోటి వల్లనే పోయిండని లోపట్లోపట భయపడ్డ గూడ. ఎవ్వలన్లేదా? నువ్వే ఏసినవా? ఎవ్వలు లేని ఇంటి ముంగట నా కొడుకును మూసిపెట్టి తీస్కొచ్చినవా? నీ చేతులు పడిపోను!"

గురవయ్య ఆ చేతుల దిక్కు సూసుకున్నడు. తిట్టు తగలవలసిన కాడనే తగిలింది.

ఆమె లోపటికి వోయి ఫోను తెచ్చింది. వాకిట్ల నిలబడి, ఆయిన ఇనేటట్టే గట్టిగ మాట్లాడింది.

"పరశురాం... ఆ, నేనే. కారు పోతాంది బిడ్డా, బేస్తారం నాడు... ఆగు, పెట్టకు, ఒక్క మాట. మీ చిన్నాయిన పేరు చెప్తడట. ఆ, గదే పేరు. వచ్చి ఇను. కోమలను గూడ తీస్కరా."

పెట్టేసింది. గురవయ్య తుడుసుడు ఆపిండు. "ఏం పేరు చెప్పాలెనే నేను?"

"నీ పేరే చెప్పు" అన్నది సాలమ్మ.

బుధారం నాడు గురవయ్య టోపి ఇప్పిండు. మామూలుగ తీసుడు కాదు, కుట్లే ఇప్పిండు. పైపు పైపుకు పురికొస తోని దగ్గర దగ్గర కుట్లు. దబ్బనంతోని ఒక్కొక్కటి లేపి, కత్తి మొనతోని తెంపుకుంట పోయిండు. ఎండకు తాడిపత్రి పెళుసైపోయింది, ముట్టుకుంటె పొట్టు రాలుతాంది. మడతల్లకెల్లి తలంబ్రాలు కింద పడ్డయి. ఎన్ని పెండ్లిళ్లవో, పసుపు పోయి తెల్లగ, కొన్ని పురుగు పట్టి. కోళ్లొచ్చి కారు కింద దూరి ఏరుకుంటున్నయి.

ఆయిన నోట్లె నోట్లె మాటలు కూర్చుకుంటాండు. ఎట్ల మొదలుపెట్టాలె? 'ఇగో కొడుకా' అని మొదలుపెడితె ఆ తర్వాత మాట దొరకుతలేదు. ఐలేశం వచ్చి తాడిపత్రిని చాపోలె చుట్టుకొని భుజాన ఏసుకొని పోయిండు. కారు మీద ఐదు పైపులు ఒట్టిగ మిగిలినయి.

పొద్దుమీకి సాలమ్మ పక్కకొచ్చి కూసున్నది. నిన్నటి కోపం ఆమె గొంతుల లేదు. భయం ఉన్నది.

"ఒక మాట చెప్త, ఇంటవా? ముసలి పటేలు పేరే చెప్పు."

గురవయ్య తల తిప్పి సూసిండు.

"సచ్చిపోయిండు గదా. ఆయినను వోయి అడిగేటోడు లేడు, లొల్లి లేదు. వీడు ఓ మాట తిట్టుకుంటడు, అన్నం తింటడు. నిజం చెప్తె ఇగ ఈ జన్మల రాడయ్యా. ఎవలో బెదిరిస్తె భయపడ్డడు పాపం అంటె చిన్నాయిన మీద జాలన్న కలుగుతది. ఊకెనే ఏసిండంటె ఏం కలుగుతది?"

అది గురవయ్య మనసుల గూడ నిన్నటి సంది తిరుగుతున్న మాటనే. ఆ పేరు చెప్తె పెద్ద అబద్ధం గూడ కాదని ఆయినకు తెలుసు. ఎట్ల కాదో సాలమ్మకు తెల్వది.

"సూస్త" అన్నడు.

"సూసుడు కాదు. నాకు నా కొడుకు కావాలె" అని ఈసారి ఏడ్సింది.

బేస్తారం పొద్దుగాల సాలమ్మ నాటుకోడిని కోపిచ్చింది. బగార బువ్వ ఎసట్ల ఉండంగనే స్కూటర్ సప్పుడయింది. పరశురాం జర లావైండు. చెవుల కాడ ఎంటికలు నెరిసినయి. ముప్పై ఆరేండ్లకే నెరిసినయా అనుకున్నడు గురవయ్య. కోమల దిగి సక్కగ సాలమ్మ దిక్కు పోయి కాళ్లు మొక్కింది. పరశురాం గడప దిక్కు రాలేదు. కారు కాడికి పోయిండు. బోసి పైపు మీద చెయ్యేసి, ఎల్డింగ్ అతుకును బొటనవేలుతోని తడిమిండు.

సాలమ్మ చెంబుతోని నీళ్లు తెచ్చింది. వాడు అందుకోలేదు.

"ముందుగాల పేరు, చిన్నమ్మా."

గురవయ్య కారుకు ఈ పక్కన నిలబడ్డడు. నడుమ కారున్నది, మంచిదే అయింది. సాలమ్మ చెంబు పట్టుకొని కండ్లతోనే ఆయిన్ను బతిలాడుతాంది. ముసలి పటేలు పేరు గొంతుల దాక వచ్చింది. వాని నెరిసిన ఎంటికలు సూసిండు. ఏడేండ్లు వాడు ఉట్టిగనే మోసిన కోపమే గట్ల నెరిసిందేమో అనిపిచ్చింది. ఇంకో అబద్ధం వాని నెత్తిన పెట్టబుద్ధి కాలేదు.

"గురవయ్య" అన్నడు.

"ఏ గురవయ్య? కుమ్మరోళ్ల గురవయ్యనా? ఆయినకేం పని?"

"నేనేరా."

సాలమ్మ చేతుల చెంబు ఒరిగి నీళ్లు కాళ్ల మీద పడ్డయి.

"ఎవ్వలు ఎయ్యమన్లే కొడుకా. దర్వాజకు తాళమున్నది. ఆడ ఐలేశం, బక్కమ్మ నీళ్లబిందెతోని మీకోసమే నిలబడ్డరట. గది గూడ మొన్న తెలిసింది నాకు. నేను తల తిప్పి సూడలె. నేనే ఏసిన."

"ఎవ్వలు అనకుంటె ఎందుకేసినవ్?"

గురవయ్య పైపును గట్టిగ పట్టుకున్నడు.

"మా బాపు కొత్త సైకిలు కొన్నడు. నాకు ఏడేండ్లు గావచ్చు. ముంగట కడ్డీ మీద కూసోబెట్టుకొని కట్టంగూరుకెల్లి తీస్కొస్తాండు. మావోళ్లు ఎవలైనా ఆ మలుపు కాడ బండి దిగి, వాడ దాటేదాక నడిసేటోళ్లు. ఆ దినం సంబురంల మా బాపు మర్సిపోయిండు. ముసలి పటేలు అప్పుడు పడుసోడు, అరుగు మీద ఉండె. కొట్టలేదు, తిట్టలేదు. నవ్వుకుంటనే అన్నడు. 'కొత్తదారా? కింద మట్టి అంటుతది, నెత్తిన పెట్టుకొని పో' అన్నడు. మా బాపు పెట్టుకున్నడు. వాడ పొడుగు మోసిండు. ఎనుక నేను నడిసిన. చైను మెడకు గీసుకొని నెత్తురు కారుతాంది. వాడ దాటినంక దించి, నన్ను మల్ల ఎక్కిచ్చుకొని, 'అమ్మకు చెప్పకు బిడ్డా' అన్నడు. నేను చెప్పలె. గిప్పటిదాక ఎవ్వలికి చెప్పలె, మీ చిన్నమ్మకు గూడ."

 ఇంట్ల కుక్కర్ కూత పెట్టింది.

"నీ పెండ్లినాడు ఆ మలుపు కాడికి రాంగనే నాకేమైందో ఎరుక లేదు. నిన్ను దిగుమంటరేమో, కోమల ముంగట నిన్ను నడిపిస్తరేమో అనిపిచ్చింది. నా చేతులే టోపి గుంజినయి. మొదలు వానొస్తాందన్న. తర్వాత నువ్వు పేరడిగినవ్. ఏం చెప్పాలె? ఎవ్వలు లేరంటె నేనేమైత?"

పరశురాం పైపు మీది చెయ్యి తీసిండు. 

"ఏడేండ్లు" అన్నడు. "బస్సు పెద్ద దర్వాజ దిక్కెల్లి పోతదని ఈ ఊరి బస్సే ఎక్కలేదు. నేను తాళంకప్ప మీద పగబట్టిన్నా చిన్నాయినా? పటేలు నన్ను దాసిపెట్టలె. నువ్వు దాసిపెట్టినవ్."

"అవును."

"చెప్తె దిగి నడుద్దును. లేకుంటె నిలబడి కొట్లాడుదును. నాకు చెప్పకుంట నాకు భయం పెట్టినవ్."

"అవును కొడుకా."

కోమల సాలమ్మ భుజం పట్టుకొని నిలబడ్డది. ఆమె కోపంగ అనలేదు, సంగతి చెప్పినట్టు చెప్పింది. "ఆ టోపి కింద మస్తు ఉక్కపోసింది మామా. వానొస్తాందంటె నిజమే అనుకున్న. మా అమ్మ చెప్పి పంపింది, ఊర్లెకు పోంగనే తల దించుకోకు, అందరికి మొఖం కనవడాలె అని. మలుపు కాడ ఎవలో ఒకామె బిందెతోని నిలబడ్డది సందులకెల్లి కనవడ్డది. నాకోసమేనా అనుకున్న. తర్వాత మర్సిపోయిన."

 గురవయ్య కారు మడ్‌గార్డు మీద కూసున్నడు. తల దించుకొని ఏడ్సిండు. మా బాపు గూడ గిట్లనే లోపట్లోపట ఏడ్సిండు గావచ్చు అనుకున్నడు. పరశురాం కారుకు ఆ పక్కనే నిలబడ్డడు గని, ఈ పక్కకు రాలేదు.

ట్రాక్టర్ వచ్చింది. నరసింహ దిగి, ఎవ్వల మొఖాలు సూడకుంటనే పనిల పడ్డడు. మోకంత లావు తాడు బంపరు కింద రెండు సుట్లు సుట్టి, ముడేసి, ఇంకో కొన ట్రాక్టర్ కొండికి తగిలిచ్చిండు. "ఎటుకెల్లి పోదామన్నా? చెర్వు కట్ట మీదికెల్లి పోతె సుట్టు తిరుగుడైతది, గని బాట మంచిగుంటది."

గురవయ్య నోరు తెరువకముందే పరశురాం అన్నడు: "పెద్ద దర్వాజ ముంగట్కెల్లే పోవాలె."

"బువ్వ దినిపో బిడ్డా" అన్నది సాలమ్మ. "కూర అయింది, ఒక్క ముద్ద."

"ఆకలైతలేదు చిన్నమ్మా" అన్నడు. ఆమె మొఖం సూసి, "గిది సాగదోలి వస్త" అన్నడు. వస్తడో, హైవే మీదికెల్లి అటే పోతడో ఆమెకు తెల్వలేదు. స్కూటర్ వాకిట్లనే ఉన్నది గదా అని దాని దిక్కు సూసి మనసు కుదుట పెట్టుకున్నది.

గురవయ్య స్టీరింగు ముంగట కూసున్నడు. పరశురాం పక్క సీట్ల కూసున్నడు. తాడు బిగుసుకున్నది, కారు ఒక్క ఊపు ఊగి కదిలింది. ఇంజను సప్పుడు లేకుంట అంబాసిడర్ పోతుంటె లోపట కూసున్నోళ్లకు టైర్ల కింద గులకరాళ్లు గూడ ఇనవడ్డయి. బాయి దాటినంక దిగుడున్నది. అక్కడ బ్రేకు రెండు మాట్ల తొక్కితెనే పట్టుకుంటది, మెల్లగ తొక్కుకుంట ట్రాక్టర్‌కు తగలకుంట దించిండు. ఇండ్ల ముంగట మనుషులు లేసి సూస్తున్నరు. టోపికారు పోతాందా అని ఎవలో అడిగిండ్రు. పోతాందని గురవయ్య చెయ్యెత్తి చెప్పిండు. 

మలుపు వచ్చింది. ట్రాక్టర్ మలిగింది. ఎనుక కారు మలిగింది. దర్వాజ తలుపులు సగం చెద పట్టినయి, అరుగు మీద గడ్డి మొలిసింది. లోపట గొర్లు అరుస్తున్నయి. తాళంకప్ప ఎండకు మెరుస్తాంది. గురవయ్య ఈసారి దాన్ని సక్కగ సూసిండు. ఎవ్వలు లేరని కండ్లార సూసిండు.

కారు ఆగిపోయింది. తాడు కర్రుమన్నది, ట్రాక్టర్ ఎనుక టైర్లు ఒక్కకాడనే తిరిగి దుమ్ము లేపినయి.

"ఏమైందే? బ్రేకు తొక్కితివా?" నరసింహ మెడ తిప్పి మొత్తుకున్నడు.

గురవయ్య కిందికి సూసుకున్నడు. కుడి కాలు బ్రేకు మీద అడుగుదాక తొక్కి ఉన్నది. ఎప్పుడు తొక్కిండో ఆయినకు తెల్వదు.

"కాలు తియ్యి చిన్నాయినా" అన్నడు పరశురాం.

"తీస్తున్న బిడ్డా."

"తాళమున్నది గదా. ఎవ్వలు లేరు."

"ఎరుకే. సూస్తనే ఉన్న. తీస్తున్న." పాదం లేస్తలేదు. రెండు చేతుల్తోని తొడ పట్టుకొని గుంజిండు. చెంపల మీద నీళ్లు కారుతున్నయి. "వస్తలేదురా" అన్నడు, చిన్నపోరని తీర్గ.

పరశురాం ఆ మొఖాన్ని సూసిండు. ఏడేండ్లల్ల గింత దగ్గరకెల్లి సూసుడు అదే మొదలు. సీటు మీదికెల్లి కిందికి వంగిండు. స్టీరింగు కింద తల దూర్చి, పగిలిన మడిమె కింద ఒక చెయ్యి, పాదం మీద ఒక చెయ్యి పెట్టి, బ్రేకు మీదికెల్లి ఆ కాలును లేపి పట్టుకున్నడు.

"పోనియ్యి నరసింహన్నా!" అని కిందికెల్లే కేకేసిండు.

ట్రాక్టర్ కదిలింది. పెద్ద దర్వాజ వాడ దాటేదాక పరశురాం ఆ కాలు ఇడిసిపెట్టలేదు.